కంటికి ఆనని వాలు, తలకు తొడిగే తెర: మెట్ట సేద్య విస్తరణలో త్రిమితీయ దర్శినుల స్థానం

వ్యవసాయ ప్రదర్శనల్లో ఇటీవల ఒక కొత్త దృశ్యం కనిపిస్తోంది. విత్తన సంచులు, సేద్యపు యంత్రాలు, డ్రోన్ల నడుమ ఒక బల్ల మీద నల్లని కళ్లజోడు వంటి పెట్టె ఉంటుంది. దానిని తలకు తొడిగించుకున్న రైతు కొన్ని క్షణాలు తల అటూ ఇటూ తిప్పుతాడు, ఎదుట లేని మొక్కను తాకబోయి చేయి చాస్తాడు, నవ్వుతూ తీసి పక్కవానికి అందిస్తాడు. వరుస పెరుగుతుంది. ఛాయాచిత్రాలు తీస్తారు. సాయంత్రానికి పెట్టెను సర్దివేస్తారు. ఆ రైతు మరునాడు తన చేనులో ఏ పనిని వేరుగా చేస్తాడన్న ప్రశ్న మాత్రం ఆ బల్ల దగ్గర వినిపించదు.

తలకు ధరించి త్రిమితీయ చిత్రాలను చూసే పరికరాలు, వాడుకలో వీఆర్ హెడ్‌సెట్లు, వ్యవసాయ విద్యలోకి ఇప్పటికే వచ్చాయి. 2017లో మొదలైన జాతీయ వ్యవసాయ ఉన్నత విద్యా ప్రాజెక్టు ద్వారా విశ్వవిద్యాలయాల బోధనలో ఈ తరహా పాఠాలకు చోటు లభించింది. తరగతి గది నుంచి కృషి విజ్ఞాన కేంద్రానికి, అక్కడి నుంచి గ్రామానికి ఇవి చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. కొనుగోలు ప్రతిపాదనలు రాయక ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. కర్నూలు, కడప మెట్ట భూముల్లో ఈ పరికరం చూపగలిగినది, మరే సాధనమూ అంత సులువుగా చూపలేనిది ఏమిటి? దీనికి సమాధానం ఉంది. అయితే అది ప్రదర్శనల్లో చూపుతున్న పచ్చని పొలం కాదు. రైతు రోజూ తొక్కుతూనే ఉన్నా కంటికి ఆనని నేల వాలు.

సూత్రం పాతది, పెట్టె కొత్తది

మనిషి రెండు కళ్ల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. ఆ కొద్ది దూరం వల్ల ఒకే వస్తువు రెండు కళ్లకు కొంచెం తేడాతో కనిపిస్తుంది. ఆ తేడాను మెదడు లోతుగా మలచుకుంటుంది. ఈ సంగతిని 1838లో చార్లెస్ వీట్‌స్టోన్ రెండు అద్దాల సాయంతో నిరూపించి, తన పరికరానికి స్టీరియోస్కోప్ అని పేరు పెట్టాడు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ అద్దాల స్థానంలో కటకాలు అమర్చి దానిని చేతిలో ఇమిడేలా చేశాడు. 1968లో ఐవన్ సదర్లాండ్ తలకు తొడిగే తెరను కంప్యూటరుకు జోడించి, తల కదిలినప్పుడు చిత్రం కూడా మారేలా రూపొందించాడు. ఆ పరికరం బరువును మోయడానికి దానిని పైకప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది. 2012 తరువాత వచ్చిన హెడ్‌సెట్లు దాని వారసులే. భారతదేశంలో తయారైన తొలి త్రిమితీయ సినిమా 1984 నాటి మలయాళ చిత్రం 'మై డియర్ కుట్టిచాతన్'.

నేల శాస్త్రానికి మాత్రం ఈ సూత్రం అంతకు ముందే పనికి వచ్చింది. విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాల్లో ఒకదాని మీదికి మరొకటి సుమారు 60 శాతం వచ్చేలా తీస్తే, ప్రతి స్థలమూ రెండు కోణాల్లో నమోదవుతుంది. ఆ జంట చిత్రాలను బల్ల మీద పరచి, కాళ్లున్న చిన్న కటకాల జతలోంచి చూస్తే గుట్టలు పైకి లేస్తాయి, వంకలు లోతుగా దిగుతాయి. ఈ విద్యలో భారతీయులకు శిక్షణ ఇవ్వడానికే 1966లో డెహ్రాడూన్‌లో ఛాయాచిత్ర విశ్లేషణ సంస్థ ఏర్పడింది. నేటి భారతీయ దూరసంవేదన సంస్థ దాని కొనసాగింపు. నేల సర్వేలో పనిచేసిన పాత తరం శాస్త్రజ్ఞులకు జేబులో పట్టే స్టీరియోస్కోప్ పలుగు, పారల వలెనే పనిముట్టు. అంటే త్రిమితీయ దర్శనం వ్యవసాయ శాస్త్రానికి కొత్త అతిథి కాదు. బల్ల మీద ఉన్నది తలకెక్కింది, అంతే.

నిలువు అతిశయం: లోపమా, వరమా?

ఈ పాత పనిముట్టులో ఒక విశేషం ఉంది. దాని ద్వారా చూసినప్పుడు నేల ఎత్తుపల్లాలు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. కారణం సులువు. విమానం రెండు చిత్రాలు తీసిన స్థానాల మధ్య దూరాన్ని అది ఎగిరిన ఎత్తుతో భాగిస్తే సాధారణంగా 0.6 వరకు వస్తుంది. మనిషి రెండు కళ్ల మధ్య దూరాన్ని, బొమ్మ ఉన్నట్లు తోచే దూరంతో భాగిస్తే సుమారు 0.15 మాత్రమే. మొదటిది రెండవదానికి 4 రెట్లు. కాబట్టి 2 శాతం వాలు 8 శాతం వాలులా కంటికి తోస్తుంది. దీనినే నిలువు అతిశయం అంటారు.

కొండ ప్రాంతాల్లో ఇది సరిచేసుకోవలసిన లోపం. రాయలసీమ మెట్టలో ఇదే వరం. ఆలూరు, పత్తికొండ ప్రాంతాల నేలల్లోనైనా, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలోనైనా సాగుభూమి వాలు చాలాచోట్ల 1 నుంచి 3 శాతం మధ్యనే ఉంటుంది. చేని గట్టు మీద నిలబడిన మనిషికి అది చదునుగానే కనిపిస్తుంది. కాని 100 మీటర్ల పొడవున 2 శాతం వాలు అంటే ఈ చివరికి, ఆ చివరికి 2 మీటర్ల తేడా. నీరు పల్లమెరుగు అన్న సామెత ఊరికే పుట్టలేదు. మనిషి కన్ను ఎరుగనిది నీరు ఎరుగును. ఆ ఎరుకను రైతు కంటికి అందించగలిగితే త్రిమితీయ దర్శిని తన స్థానాన్ని సంపాదించుకుంటుంది.

అంకెల్లో చూస్తే పణం ఎంతటిదో తెలుస్తుంది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల సగటు వార్షిక వర్షపాతం సుమారు 650 నుంచి 700 మిల్లీమీటర్లు. పశ్చిమ మండలాల్లో అంతకన్నా తక్కువ. అదీ కొద్ది గట్టి వానల్లోనే అధిక భాగం పడిపోతుంది. ఒక హెక్టారుపై 40 మిల్లీమీటర్ల వాన కురిస్తే పడిన నీరు 4 లక్షల లీటర్లు. అందులో నాలుగవ వంతు పారిపోయినా లక్ష లీటర్లు చేను దాటిపోయినట్లే. పైన 10 మీటర్లు, అడుగున 5 మీటర్ల చదరంతో, 2.5 మీటర్ల లోతున తవ్విన సేద్యపు కుంటలో సుమారు 1 లక్ష 46 వేల లీటర్లు నిలుస్తాయి. ఎకరాకు 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి 40 వేల లీటర్లు చాలు. ఇంకుడు, ఆవిరి నష్టాలను పక్కన పెడితే ఆ కుంట మూడున్నర ఎకరాలకు ఒక రక్షక తడి. ఊడలు దిగే దశలో బెట్టకు గురైన వేరుశనగకు ఆ ఒక్క తడి పంటకూ, పశువుల మేతకూ మధ్య ఉన్న తేడా.

అయితే ఈ లెక్క నిజం కావాలంటే కుంట నీరు చేరే చోట ఉండాలి. రాష్ట్రంలో సేద్యపు కుంటల తవ్వకం పెద్ద కార్యక్రమంగా సాగిన సంగతి విస్తరణ శాస్త్రజ్ఞులందరికీ తెలుసు. వాటిలో కొన్ని వాన వెలిసిన మరునాడే నిండుగా ఉండటం, కొన్ని ఏళ్ల తరబడి ముళ్లకంపతో నిండి ఉండటం కూడా తెలుసు. తేడా చాలాసార్లు తవ్వకంలో లేదు, చోటు ఎంపికలో ఉంది. చేనులో ఏ మూల పనికిరాదో ఆ మూలను కుంటకు వదలడం రైతు సహజ స్వభావం. ఆ మూల మిట్ట అయితే కుంటకు నీరు రాదు. వాలుకు అడ్డంగా విత్తడం, వేరుశనగలో గొడ్డు చాళ్లు తీయడం వంటి సిఫారసుల కథ కూడా ఇదే. చేను పొడవు ఎటు ఉంటే నాగలి అటు తిరుగుతుంది. వాలు ఎటో కనిపించనప్పుడు దానికి అడ్డంగా దున్నమని చెప్పడం చీకట్లో దారి చూపడమే అవుతుంది.

ముడిసరుకు చేతిలోనే ఉంది

త్రిమితీయ చిత్రాల తయారీకి విదేశాల వైపు చూడవలసిన అవసరం లేదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహం ముందుకు వంగిన ఒక కెమెరాతో, వెనుకకు వంగిన మరొక కెమెరాతో జంట చిత్రాలు తీయడానికే ఉద్దేశించినది. దాని చిత్రాల సూక్ష్మత 2.5 మీటర్లు. ఆ జంటల నుంచి దేశమంతటికీ ఎత్తుల నమూనా తయారైంది. 30 మీటర్ల గడులతో అది ఇస్రో వారి భువన్ వేదికపై అందుబాటులో ఉంది. ఒక పెద్ద వంక పరీవాహకాన్ని అర్థం చేసుకోవడానికి అది చాలు. రెండు ఎకరాల చేనుకు చాలదు. రెండు ఎకరాలంటే 30 మీటర్ల గడులు తొమ్మిది మాత్రమే. పైగా ఎత్తుల్లో కొన్ని మీటర్ల పొరపాటుకు అవకాశముంది. రైతుకు కావలసిన తేడా ఒకటి, రెండు మీటర్లదే అయినప్పుడు ఆ నమూనాను చేని స్థాయిలో చూపడం తప్పు సలహా ఇవ్వడమే.

ఈ లోటును పూరించగల సరుకు మరొకచోట ఉంది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన సమగ్ర భూముల రీసర్వేలో గ్రామాల సాగుభూములను డ్రోన్లతో చిత్రించారు. ఆ పని హద్దుల కోసం జరిగింది. కాని డ్రోన్ చిత్రాలను కలిపి సరిచేసిన పటం తయారు కావాలంటే అవి ఒకదానిపై ఒకటి వచ్చేలా తీయక తప్పదు. తీశాక నేల ఎత్తులను గణించకా తప్పదు. అంటే హద్దుల కోసం తీసిన చిత్రాల్లోనే వాలు కూడా దాగి ఉంది. రెవెన్యూ అవసరం తీరాక ఆ చిత్రాలు భద్రపరిచిన చోటనే ఉండిపోతే అది ప్రజాధనంతో పండించిన పంటను కళ్లంలో వదిలివేయడం వంటిది. వ్యవసాయ విశ్వవిద్యాలయం, సర్వే శాఖ, వాటర్‌షెడ్ విభాగం ఒక అవగాహనకు వచ్చి, ఎంపిక చేసిన కొన్ని గ్రామాల ఎత్తుల నమూనాలను పరిశోధనకు తెప్పించుకోవాలి. ఒక గట్టి వానకు నీరు ఎక్కడ చేరి, ఎక్కడ చీలి, ఏ చేని గట్టును తెంపుకొని వంకలో కలుస్తుందో చూపే త్రిమితీయ దృశ్యం వాటి నుంచి తయారు కావాలి. హెడ్‌సెట్ కొనడం కన్నా ముందు జరగవలసిన పని ఇది.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. మొదటిది, డ్రోన్ పైనుంచి చూసేది నేలను మాత్రమే కాదు. చెట్ల తలలను, నిలిచి ఉన్న పైరును, గడ్డివాములను కూడా అది ఎత్తులుగానే లెక్కిస్తుంది. కంది చేను మీద తీసిన నమూనాలో లేని మిట్ట కనిపించవచ్చు. కాబట్టి కొన్ని బిందువులలోనైనా నేల మీద లెవెల్ యంత్రంతో సరిచూడాలి. రెండవది, హద్దులు. ఊరి భూమినంతా ఒకే దృశ్యంలో అందరికీ చూపినప్పుడు నీరు ఎటు పోతోందన్న చర్చ ఎవరి గట్టు ఎక్కడున్నదన్న తగవుగా మారగలదు. వాటర్‌షెడ్ దృశ్యంలో సర్వే నంబర్లు, హద్దు రేఖలు ఉండకూడదు. వాలుకు యజమాని పేరు అవసరం లేదు.

చూపవలసిన అవసరం లేనివి

ఒక సాధనం విలువ అది చేయగల పనిలో ఎంత ఉందో, దానికి అప్పగించని పనిలో కూడా అంతే ఉంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ 47 అనే ధీర శనగ రకం యంత్రంతో కోయడానికి అనువైనది. మొక్క నిటారుగా పెరగడం, కాయలు నేలకు ఎత్తున కాయడం దాని గుణాలు. వీటిని త్రిమితీయ చిత్రంలో అందంగా చూపవచ్చు. కాని శనగ రైతుకు కావలసినది క్షేత్ర దినోత్సవం నాడు ఆ చేనులో నడిచి, నేలకూ మొదటి కాయకూ మధ్య జానెడు పట్టి చూసుకోవడం, పక్క చేనులోని జేజీ 11తో పోల్చుకోవడం. చేతికి అందే దానిని తెరలో చూపడం విస్తరణ కాదు, అలంకరణ.

చీడపీడల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. పత్తిలో గులాబీ రంగు పురుగు కాయ లోపల ఉంటుంది. బయటి నుంచి చూసిన వానికి కాయ బాగానే కనిపిస్తుంది. కాయ లోపలి ప్రయాణాన్ని, గుడ్డిపూల లోపల దాగిన గొంగళిని పెద్దది చేసి త్రిమితీయంగా చూపడం విద్యార్థికి ఎంతో ఉపయోగం. రైతుకు మాత్రం నాలుగు పచ్చికాయలను కోసి చూపడమే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. ఇక పోషక లోపాలను, తెగుళ్లను రంగుల ఆధారంగా గుర్తించడం నేర్పేటప్పుడు తెర మీద ఆధారపడటం ప్రమాదమే. ఇనుప ధాతు లోపం వల్ల పాలిపోయిన వేరుశనగ ఆకుకూ, వైరస్ సోకిన ఆకుకూ తేడా పసుపు ఛాయల్లో, ఈనెల రంగులో ఉంటుంది. తెర మారితే ఛాయ మారుతుంది. తప్పు ఛాయ నేర్చిన కన్ను చేనులో తప్పు మందును సూచిస్తుంది.

దీనిని బట్టి ఒక గీత గీయవచ్చు. చేతికి అందనివి, కంటికి ఆననివి, ఒక రోజులో జరగనివి దర్శినికి తగినవి. నేల వాలు, మీటరు లోతున నల్లరేగడిలో తేమ ఎలా తరుగుతుందో, దాని వెంట శనగ వేరు ఎలా దిగుతుందో, ఒక వంక పరీవాహకంలో పదేళ్లలో వచ్చిన మార్పు ఇటువంటివి. మిగిలినవాటికి చేనే తగిన తరగతి గది.

కన్ను, ఎండ, ధూళి

తయారీదారు ఊహించిన వినియోగదారుడు చల్లని గదిలో కూర్చున్న యువకుడు. రాయలసీమ రైతు అతడు కాడు. ఈ పరికరాల్లో చిత్రం వేరువేరు దూరాల్లో ఉన్నట్లు తోచినా, కటకాలు కంటి దృష్టిని ఒకే దూరంలో నిలుపుతాయి. రెండు కళ్లు కలిసే దూరానికీ, కన్ను దృష్టి నిలిపే దూరానికీ పొత్తు కుదరక అలసట, తలనొప్పి, కొందరికి వికారం కలుగుతాయి. రెండు కళ్ల చూపు సమానంగా లేనివారికి లోతు సరిగా కనిపించదు. ఒక కంటిలో శుక్లం ముదిరిన పెద్ద రైతుకు హెడ్‌సెట్ ఇచ్చి బాగా కనిపిస్తోందా అని అడిగితే మర్యాద కోసం అవునంటాడు. ఆ అవునును ఫలితంగా నమోదు చేయడం శాస్త్రం కాదు. దర్శిని తొడిగే ముందు ఒక సాధారణ లోతు పరీక్ష చేయాలి. కనిపించనివారికి అదే సమాచారాన్ని మరో రూపంలో ఇవ్వాలి.

కర్నూలులో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. ఇలాంటి పరికరాల్లో చాలావాటికి తయారీదారులు సూచించే పని ఉష్ణోగ్రత 35 డిగ్రీల దరిదాపుల్లోనే ముగుస్తుంది. అంతకన్నా తక్కువగా గమనించే ప్రమాదం మరొకటి ఉంది. బల్ల మీద వెల్లకిలా పెట్టిన హెడ్‌సెట్ కటకం మీద ఎండ నేరుగా పడితే, ఆ కటకమే భూతద్దమై లోపలి తెరను కాల్చివేస్తుంది. చెట్టు నీడ కొద్దిగా జరిగితే చాలు. ఒకే పరికరాన్ని ఒక పూటలో పదుల మంది చెమట పట్టిన ముఖాలకు తొడగడం కండ్లకలక వంటి అంటువ్యాధులకు దారి. కొప్పున పూలు, తల మీద కొంగు ఉన్న మహిళా రైతుకు పదిమంది ఎదుట పట్టీలు బిగించడం ఇబ్బంది కలిగించే పని. వీటిని చిన్న విషయాలుగా భావించి ప్రణాళికలో చేర్చకపోతే మహిళలు, వృద్ధులు మౌనంగా వరుస నుంచి తప్పుకుంటారు. నివేదికలో మాత్రం హాజరు బాగానే ఉంటుంది.

ఒంటరి చూపు, ఉమ్మడి నిర్ణయం

అన్నిటికంటే పెద్ద చిక్కు పరికర స్వభావంలోనే ఉంది. హెడ్‌సెట్ తొడిగిన మనిషి ఒంటరి. అతడు చూసేది పక్కవాడు చూడడు. అతని ముఖంలో సందేహం శాస్త్రజ్ఞునికి కనిపించదు. గ్రామాలకు దృశ్య సాధనాలు వెళ్లిన చరిత్ర దీనికి భిన్నం. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సాగిన ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు చేరింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అక్కడ ఊరంతటికీ ఒకటే పెట్టె, చూసేవారంతా ఒకచోటనే. ఆ తరువాత మహిళా సంఘాల్లో చేతి ప్రొజెక్టర్లతో చూపిన వీడియోల్లో కూడా చూపడం సగం, ఆపి మాట్లాడుకోవడం సగం.

నీటి విషయంలో ఇది మరింత నిజం. వాలు ఒక చేనుతో ఆగదు. పై చేని రైతు గొడ్డు చాలు తీస్తే కింది చేని కోత తగ్గుతుంది. పై చేని రైతు కుంట తవ్వితే కింది చేని కుంటకు నీరు తగ్గవచ్చు. అది ఉమ్మడి నిర్ణయం. ఇందుకు సీమలోనే ఒక మంచి పాఠం ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000ల దశకంలో కర్నూలు, కడప సహా ఏడు కరవు జిల్లాల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భజల పథకం నడిచింది. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, ఆ అంకెలను ఊరిలో అందరికీ కనిపించేలా రాశారు. రబీకి ముందు కూర్చుని ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క కట్టారు. ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. ఆ పథకంలో సాంకేతికత అతి సామాన్యం. బలమంతా సొంత కొలతలో, బహిరంగ లెక్కలో ఉంది.

కాబట్టి హెడ్‌సెట్ గ్రామసభలో మొదటి అంకం కారాదు. ముందు గ్రామీణ భాగస్వామ్య పద్ధతిలో నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించాలి. నీరు ఎటు పోతుందో రైతులచేతనే గీతలు గీయించాలి. ఆ తరువాత ఇద్దరు, ముగ్గురు వంతులవారీగా దర్శినిలో చూసి, చూసినదానిని నోటితో మిగిలినవారికి చెప్పాలి. అదే దృశ్యం గోడ మీద కూడా పడాలి. ముగ్గు గీతకూ, దర్శినిలోని వాలుకూ తేడా వచ్చిన చోట అసలు చర్చ మొదలవుతుంది. కొన్నిచోట్ల యంత్రానిది తప్పని తేలుతుంది. పూడిపోయిన వంకను, కొత్తగా వేసిన మట్టి బాటను రైతు ఎరిగినట్లు నమూనా ఎరగదు. ఆ దిద్దుబాటు నమూనాలోకి తిరిగి రావాలి. అతిశయం ఎన్ని రెట్లో తెర మీద రాసి ఉండాలి, నోటితో చెప్పాలి. మూడు శాతం వాలును కొండలా చూపి భయపెట్టి కుంట తవ్వించడం రైతును మోసగించడమే.

పరికరం పోతుంది, చిత్రం ఉండాలి

యువత ఆకర్షితులవుతారని, కొత్త సాధనం లేనిదే గ్రామంలో ఎవరూ నిలబడి వినరని ఒక వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఆకర్షణ తలుపు తెరుస్తుంది. కాని ఈ రంగంలో తలుపులు మూతపడే వేగం కూడా గమనించాలి. 2014లో వచ్చిన గూగుల్ అట్టపెట్టె దర్శిని అమ్మకాలను 2021లో ఆ సంస్థే నిలిపివేసింది. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 తయారీ 2024లో ఆగింది. అదే ఏడాది అమెరికాలో విడుదలైన ఆపిల్ విజన్ ప్రో ధర 3,499 డాలర్లు. ఒక పరికరానికే సరిపోయే పాఠాలు తయారు చేసుకుంటే, ఆ పరికరంతోపాటు పాఠాలు కూడా అటకెక్కుతాయి.

అందువల్ల డబ్బు ముందుగా చిత్రాలకు, తరువాతనే పెట్టెలకు వెళ్లాలి. జంట చిత్రాలను, ఎత్తుల నమూనాలను ఏ సంస్థ సొత్తూ కాని సాధారణ రూపంలో భద్రపరిస్తే, ఖరీదైన హెడ్‌సెట్‌లో చూడవచ్చు, ఫోను పెట్టిన అట్టపెట్టెలో చూడవచ్చు, ఎరుపు-నీలి కాగితపు కళ్లద్దాలతో ముద్రిత పుటలో కూడా చూడవచ్చు. విద్యుత్తు లేని ఊరిలో ఆ చివరిదే పనికి వస్తుంది. వ్యాఖ్యానం కూడా పుస్తక భాషలో కాక వంక, మిట్ట, పల్లం, పదును అనే సీమ మాటల్లో ఉండాలి.

ఒక పరీక్ష

అభిప్రాయానికి పరీక్ష తోడైతేనే పరిశోధన అవుతుంది. ఒక సాధారణ ప్రయోగాన్ని రూపొందించవచ్చు. ఒకే తరహా వాలు, నేల ఉన్న కొన్ని గ్రామాలను ఎంచి మూడు వర్గాలు చేయాలి. మొదటి వర్గానికి ముద్రించిన కాంటూరు పటం, రెండవ వర్గానికి మట్టితో చేసిన నమూనా, మూడవ వర్గానికి త్రిమితీయ దర్శిని. మూడింటిలోనూ సమాచారం ఒకటే, సమయం ఒకటే. ఆ తరువాత రైతులు తమ చేనులో నీరు గట్టు దాటే చోట్లను, కుంటకు తగిన చోటును కట్టెలు పాతి గుర్తించాలి. ఆగస్టు, సెప్టెంబరు వానల్లో నీరు నిజంగా ఎక్కడ పారిందో కొలవాలి. కట్టెకూ, పారిన చోటుకూ మధ్య దూరమే ఫలితం. మరుసటి ఏడాది ఎందరు వాలుకు అడ్డంగా విత్తారన్నది రెండవ ఫలితం. నచ్చిందా అన్న ప్రశ్నకు ఇందులో స్థానం లేదు.

గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో ఉన్న చివరి సంవత్సరం విద్యార్థులు ఈ కొలతలు తీయగలరు. దానివల్ల వారికి దక్కే మేలు మరొకటి. తెరలో చూసిన వాలును వానలో తడుస్తూ చేని గట్టున నిలబడి సరిచూసిన విద్యార్థి, తరువాత ఏ సాధనాన్ని గుడ్డిగా నమ్మడు, ఏ సాధనాన్నీ చూడకుండా తోసివేయడు. మట్టి నమూనాయే దర్శినితో సమానంగా పనిచేసిందని తేలితే సంతోషమే. ఊరికి ఒక తట్ట మట్టి చాలు, ఆ నిధులు లెవెల్ యంత్రాలకు వెళ్లవచ్చు. దర్శినియే మేలని తేలితే కొనుగోలు ప్రతిపాదన వెనుక ఒక వాన సాక్ష్యం ఉంటుంది.

మెట్ట రైతు ఒక్క ఏడాది పెట్టుబడిని పోగొట్టుకుంటే తేరుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. విస్తరణ శాస్త్రజ్ఞుడు ఒక్క తప్పు సలహాతో పోగొట్టుకున్న నమ్మకానికి కూడా అంతే కాలం పడుతుంది. తలకు తొడిగే తెర ఈ రెంటిలో దేనినీ పణంగా పెట్టకుండా, నేల వాలును ఒక్కసారి కంటికి కట్టించి, ఆ పైన రైతును తన చేనులోకి పంపగలగాలి. తెర తీసిన తరువాత అతడు నాగలిని ఎటు తిప్పాడన్నదే దాని విలువకు కొలమానం.